బుడాపెస్ట్ గాంబిట్ ఆడటం ఎలా: డి4కు నలుపు పదునైన జవాబు

చదరంగంలో క్వీన్ ముందున్న బంటును రెండు గడులు తోసి ఆట మొదలుపెట్టేవాళ్లకు ఒక ధీమా ఉంటుంది. తొలి పది పన్నెండు ఎత్తులు నింపాదిగా సాగుతాయి, అసలు కొట్లాట తర్వాతే అని. ఆ ధీమాను రెండో ఎత్తుకే చెడగొట్టే ఓపెనింగ్ (ఆట తొలి ఎత్తుల క్రమం) బుడాపెస్ట్ గాంబిట్. ఎత్తులు రాసే పద్ధతి కింద చెప్పాం.

1. డి4 గుర్రం ఎఫ్6 2. సి4 ఈ5

ఇక్కడి నుంచి తెలుపు దాదాపు ఎప్పుడూ బంటును కొడుతుంది. 3. డి×ఈ5 గుర్రం జి4. ఇప్పుడు నలుపుకు ఒక బంటు తక్కువ. జి4 మీది గుర్రం ఈ5 బంటు మీద కన్నేసి కూర్చుంది. పేరుకు గాంబిటే (బంటును ఎరగా వేసే ఓపెనింగ్) గానీ ఇది బంటును దానం చేసే ఓపెనింగ్ కాదు, అప్పిచ్చి వసూలు చేసుకునే ఓపెనింగ్. ఆ బంటు ఎప్పుడు తిరిగొస్తుంది, రాని చోట దానికి బదులుగా ఏం పట్టుకోవాలి అన్నదే నేర్చుకోవాల్సింది. మిగతాదంతా దాని చుట్టూ తిరుగుతుంది.

1896లో బుడాపెస్ట్‌లో అడ్లర్ మీద గేజా మరోట్సీ ఆడిన ఆటలో ఈ ఎత్తులు కనిపిస్తాయి. తర్వాత ఇరవై ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1916లో ఇస్త్వాన్ అబొన్యి అదే ఊళ్లో డచ్ సర్జన్ యోహానెస్ ఎస్సర్ మీద ప్రయోగించాక హంగేరీ ఆటగాళ్లు కూర్చుని దీన్ని సాన పట్టారు. 1918 బెర్లిన్ టోర్నీలో మిలన్ విడ్మార్ ఏకంగా ఆనాటి అగ్రశ్రేణి ఆటగాడు అకీబా రూబిన్‌స్టీన్‌ను 24 ఎత్తుల్లో ఓడించడంతో లోకానికి తెలిసింది. ఆ ఆట కింద వస్తుంది, బోర్డు దగ్గర పెట్టుకుని చదవండి.

రాసే పద్ధతి గురించి ఒక మాట. ఏ నుంచి హెచ్ దాకా నిలువు వరుసలు (ఫైళ్లు), 1 నుంచి 8 దాకా అడ్డ వరుసలు. అంకె తర్వాత మూడు చుక్కలుంటే అది నలుపు ఎత్తు. ! అంటే మంచి ఎత్తు, ?? అంటే పెద్ద తప్పు. × అంటే కొట్టడం, + అంటే చెక్, # అంటే మేట్, 0-0 అంటే రాజు వైపు కాస్లింగ్ (రాజు, రూక్ ఒకే ఎత్తులో కదలడం). ఒకే గడికి రెండు గుర్రాలూ వెళ్లగలిగితే ఏ గుర్రమో ముందు రాశాం. ఉదాహరణకు జి-గుర్రం×ఈ5. అంకె పక్కనున్న ‘ఈ’ ఎప్పుడూ గడి పేరే.

మొదటి మెట్టు: ఈ5 లెక్క

ప్రతి ఎత్తుకూ ముందు వేసుకోవాల్సిన లెక్క ఒక్కటే. ఈ5 బంటును ఎన్ని నల్ల పావులు కొట్టగలవు, ఎన్ని తెల్ల పావులు కాస్తున్నాయి? నలుపు కూడగట్టగలిగినవి మూడు: జి4 గుర్రం, సి6 గుర్రం, ఈ7 క్వీన్. తెలుపు కాపలా పెట్టగలిగినవీ మూడే: ఎఫ్3 గుర్రం, ఎఫ్4 బిషప్, డి5 క్వీన్. మూడుకు రెండు అయితే బంటు మీది. మూడుకు మూడు అయితే కొట్టకూడదు, వేరే దారి చూడాలి. రూక్‌ను ఈ8కు తెస్తే నాలుగోది తోడవుతుంది, కానీ దానికి ముందు కాస్లింగ్ చేయాలి, అంత వ్యవధి అన్ని వరుసల్లోనూ (ఎత్తుల క్రమాల్లోనూ) దొరకదు.

ఇంకొకటి గుర్తుంచుకోండి. తెలుపు సి4 ఆడింది కాబట్టే ఇదంతా నడుస్తుంది. ఏ5 నుంచి ఈ1 దాకా ఉన్న ఏటవాలు గీత డి4తోనే తెరుచుకుంది, సి4తో సి3లో బంటును అడ్డం పెట్టే వీలు కూడా పోయింది, అందుకే బిషప్ బి4 చెక్ పనికొస్తుంది. డి4 గడికి కాపలా కాసే సి-బంటు కూడా ముందుకు వెళ్లిపోయింది. తెలుపు రెండో ఎత్తుగా గుర్రం ఎఫ్3 ఆడినప్పుడు అలవాటుగా 2... ఈ5 తోస్తే 3. గుర్రం×ఈ5, ఒక బంటు ఊరికే పోయినట్టే. కొత్తగా నేర్చుకున్నవాళ్లు బ్లిట్జ్‌లో (కొద్ది నిమిషాల ఆటల్లో) మొదటి వారం చేసే తప్పు ఇదే.

రెండో మెట్టు: 4. బిషప్ ఎఫ్4

బంటును వదలకుండా పట్టుకోవాలని చూసే ఎత్తు ఇది. నలుపు వరుస:

4... గుర్రం సి6 5. గుర్రం ఎఫ్3 బిషప్ బి4+

చెక్ ముందు, క్వీన్ తర్వాత. ఈ క్రమం మార్చకండి. చెక్‌కు తెలుపు ఎలా అడ్డుపడుతుందో చూశాకే మీ దారి తేలుతుంది.

అడ్డుగా గుర్రం డి2కు వస్తే (6. బి-గుర్రం డి2) డి-ఫైల్ మూసుకుపోతుంది, తెల్ల క్వీన్ డి5కు రాలేదు. అంటే కాపలా రెండుకు మించదు. 6... క్వీన్ ఈ7 ఆడండి, లెక్క మూడుకు రెండు. ఇక్కడ చాలామంది బిషప్‌ను తరిమేద్దామని 7. ఏ3 ఆడతారు. బిషప్‌ను కదపకండి. 7... జి-గుర్రం×ఈ5! ఇప్పుడు ఆశపడి 8. ఏ×బి4?? కొడితే 8... గుర్రం డి3 మేట్. ఎందుకంటే తెల్ల ఈ2 బంటు ఈ7 క్వీన్‌కూ తన రాజుకూ మధ్య ఇరుక్కుంది, గుర్రాన్ని కొట్టలేదు. రాజు చుట్టూ సొంత పావులే, కదలడానికి చోటు లేదు. 8. గుర్రం×ఈ5 గుర్రం×ఈ5 తర్వాత కూడా అదే ఉచ్చు బతికే ఉంటుంది: 9. ఏ×బి4?? గుర్రం డి3 మేట్. ఒకసారి తప్పించుకున్నామనుకుని రెండోసారి పడేవాళ్లూ ఉన్నారు. తెలిసినవాళ్లు 9. ఈ3 ఆడతారు. అప్పుడు 9... బిషప్×డి2+ 10. క్వీన్×డి2, బంటు వసూలైంది, ఆట సమానం.

అయితే ఉచ్చు కోసమే ఈ ఓపెనింగ్ ఆడితే మూడో టోర్నీకల్లా విసుగొస్తుంది. అసలు వరుస ఇది: 7. ఈ3 జి-గుర్రం×ఈ5 8. గుర్రం×ఈ5 గుర్రం×ఈ5 9. బిషప్ ఈ2 0-0 10. 0-0. ఈ3 ఆడాక మేట్ లేదు. ఇక్కడ గుర్రం డి3 అని ఆవేశపడితే బిషప్ కొట్టేస్తుంది, అంతే సంగతి.

ఈ స్థితిలో తెలుపు ఆలోచన మీకు తెలిసి ఉండాలి. బి4 తోసి, ఆ తర్వాత సి5 తోసి, రెండు బిషప్‌లకూ దారులు తెరవడం. మీరు ఆపాల్సింది ఆ సి5నే. 10... ఏ5 ఆడితే బి4 ఆలస్యమవుతుంది. 11. ఏ3 అడిగితే 11... బిషప్×డి2 12. క్వీన్×డి2, ఆ తర్వాత డి6, బి6. ఇక ఈ5 గుర్రమే మీ ఆస్తి. తెలుపు దాన్ని తరమాలంటే బిషప్‌ను జి3కి లాగి ఎఫ్4 తోయాలి, అలా తోస్తే ఈ3 బలహీనమవుతుంది. మీ సి8 బిషప్‌కు రెండు కొలువులున్నాయి. బి7కు వెళ్తే పొడవైన ఏటవాలు, ఏ6కు వెళ్తే గుర్రంతో కలిసి సి4 బంటు మీద ఒత్తిడి. తెలుపు నింపాదిగా ఉంటే ఏ6 మేలు. రెండు బిషప్‌లు చూసి భయపడి గుర్రాన్ని మార్చుకోవద్దు. గుర్రం పోయిన మరుక్షణం ఆ బిషప్‌లు మేల్కొంటాయి.

అడ్డుగా గుర్రం సి3కి వస్తే (6. గుర్రం సి3) ఆట మారిపోతుంది. ఇక్కడ 6... బిషప్×సి3+ వెంటనే కొట్టండి. ముందు క్వీన్ ఈ7 ఆడితే తెలుపు రూక్‌ను సి1కు తెచ్చి, బంట్లు జంటబంట్లు (ఒకే ఫైల్‌లో రెండు) కాకుండా చూసుకుంటుంది. 7. బి×సి3 క్వీన్ ఈ7 8. క్వీన్ డి5. లెక్క మూడుకు మూడు, కొట్టలేరు. తెలుపు ఎనిమిదో ఎత్తుగా వేరే ఏదైనా ఆడితే హాయిగా జి-గుర్రంతో ఈ5 కొట్టుకోండి, సి3-సి4 జంటబంట్లు చివరిదాకా తెలుపుకు తలనొప్పే.

క్వీన్ డి5కు వచ్చిందంటే మాత్రం వసూలు మాట మరిచిపోయి బదులు వెతకాలి. 8... క్వీన్ ఏ3! సి3 బంటు చెక్‌తో పోయేలా ఉంది కాబట్టి 9. రూక్ సి1. అప్పుడు 9... ఎఫ్6! 10. ఈ×ఎఫ్6 గుర్రం×ఎఫ్6. గుర్రం తెల్ల క్వీన్‌ను తరుముతూ వచ్చింది. 11. క్వీన్ డి2 డి6 12. గుర్రం డి4 0-0. నలుపుకు ఒక బంటు తక్కువే. కానీ ఎఫ్-ఫైల్ తెరుచుకుంది, తెల్ల రాజు ఇంకా నడిమధ్యలో ఉంది, ఏ2, సి3, సి4 బంట్లన్నీ ఒంటరివాళ్లు.

విడ్మార్ ఆట సరిగ్గా ఇక్కడికే వచ్చింది. అతను 6... క్వీన్ ఈ7 ముందు ఆడాడు, రూబిన్‌స్టీన్ 7. క్వీన్ డి5 ఆడటంతో అదే స్థితి కుదిరింది. అక్కడి నుంచి 13. ఈ3 గుర్రం×డి4 14. సి×డి4 గుర్రం ఈ4 15. క్వీన్ సి2 క్వీన్ ఏ5+. క్వీన్‌ను డి2కు అడ్డం పెడితే గుర్రం తినేస్తుంది, కాబట్టి రాజు కదలక తప్పదు: 16. రాజు ఈ2. అప్పుడు 16... రూక్×ఎఫ్4! 17. ఈ×ఎఫ్4 బిషప్ ఎఫ్5. గుర్రం ఎటు దూకినా వెనకున్న బిషప్ తెల్ల క్వీన్ మీద పడుతుంది. 18. క్వీన్ బి2 రూక్ ఈ8 19. రాజు ఎఫ్3 గుర్రం డి2+ 20. రాజు జి3 గుర్రం ఈ4+ 21. రాజు హెచ్4 రూక్ ఈ6 22. బిషప్ ఈ2 రూక్ హెచ్6+ 23. బిషప్ హెచ్5 రూక్×హెచ్5+ 24. రాజు×హెచ్5 బిషప్ జి6+, రూబిన్‌స్టీన్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఈ ఆటలో బట్టీ పట్టాల్సింది ఎత్తుల్ని కాదు, ఈ4 గడిని. గుర్రం అక్కడ దిగింది కాబట్టే చెక్ పనిచేసింది, రూక్ బలి పనిచేసింది. నేటి ఆటగాళ్లకు ఇది తెలుసు, అందుకే 13. ఈ3 బదులు 13. ఎఫ్3 ఆడి ఈ4 తలుపు మూసేస్తారు. అలా మూసేశాక దాడి కోసం పావులు బలి ఇస్తే మునుగుతారు. సి4, ఏ2 మీద నెమ్మదిగా పనిచేయాలి. నిజం చెప్పాలంటే మొత్తం గాంబిట్‌లో నలుపును ఎక్కువ ఇబ్బంది పెట్టే వరుస ఇదే. బలమైన ప్రత్యర్థి మీద ఆడే ముందు ఒక సాయంత్రం దీనికే కేటాయించండి.

నాలుగో ఎత్తుకే 4... జి5 తోసి బిషప్‌ను తరిమే పద్ధతి కూడా ఉంది. 5. బిషప్ జి3 బిషప్ జి7, బంటు కచ్చితంగా వస్తుంది. కానీ ఎఫ్5 గడి శాశ్వతంగా బొక్క పడుతుంది, హెచ్4, సి5 తోపులు రెండు వైపుల నుంచీ కొడతాయి. వేగంగా సాగే ర్యాపిడ్ ఆటల్లో సరదాకు బాగుంటుంది.

మూడో మెట్టు: 4. గుర్రం ఎఫ్3, ఏ-ఫైల్ రూక్ ప్రయాణం

క్లబ్ స్థాయిలో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ఇక్కడ బిషప్ బి4కు కాదు, సి5కు:

4... బిషప్ సి5 5. ఈ3

ఎఫ్2 మీద గుర్రం, బిషప్ రెండూ గురిపెట్టాయి కాబట్టి ఈ3 తప్పనిసరి. ఆ ఎత్తుతో తెలుపు సి1 బిషప్ లోపల చిక్కుకుపోయింది. అది ఎఫ్4కు రాలేదు కాబట్టి ఈ5కు కాపలా ఒకటి తగ్గింది. 5... గుర్రం సి6 6. బిషప్ ఈ2 0-0 7. 0-0 రూక్ ఈ8 8. గుర్రం సి3 జి-గుర్రం×ఈ5. వసూలు పూర్తి. మధ్యలో 6. క్వీన్ డి5 ఆడితే 6... క్వీన్ ఈ7, లెక్క మూడుకు రెండే. 6. ఏ3 ఆడితే వెంటనే 6... ఏ5, లేకపోతే బి4తో బిషప్‌ను తరుముకుంటూ వస్తారు.

ఇప్పుడు తెలుపు మామూలుగా 9. బి3 ఆడి బిషప్‌ను బి2లో పెట్టాలని చూస్తుంది. మీ జవాబు 9... ఏ5! చూడ్డానికి అర్థంపర్థం లేని ఎత్తులా ఉంటుంది, కానీ మూడు పనులు చేస్తుంది. బి4 తోపును ఆపుతుంది, సి5 బిషప్ వెనక్కి వెళ్లడానికి ఏ7 ఖాళీ ఉంచుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఏ6 గడిని రూక్‌కు ఇస్తుంది.

10. బిషప్ బి2 గుర్రం×ఎఫ్3+ 11. బిషప్×ఎఫ్3 గుర్రం ఈ5 12. బిషప్ ఈ2 రూక్ ఏ6!

తెలుపు రాజు ముందు కాపలాగా ఉన్న ఎఫ్3 గుర్రం పోయింది. ఏ8లో పుట్టిన రూక్ ఆరో వరుస మీదుగా జి6కో హెచ్6కో చేరుతుంది. క్వీన్ హెచ్4కు దిగుతుంది, ఈ5 గుర్రం జి4కు దూకుతుంది. తెలుపు పావులన్నీ క్వీన్ వైపు ఉంటాయి, రాజును చూసే నాథుడు ఉండడు.

దీన్ని పాడుచేసే తప్పు ఒకటుంది, అందరూ చేసేదే. అలవాటు కొద్దీ డి6 ఆడేయడం. డి-బంటు ఆరో వరుసకు వచ్చిందంటే రూక్ దారి మూసుకుపోయింది. సి6 కూడా అంతే. రూక్ కుడివైపు దాటేదాకా డి7 బంటు కదలకూడదు. దాటాక మాత్రం డి6 వెంటనే తోయాలి, ఎందుకంటే అప్పుడే సి8 బిషప్ కళ్లు తెరిచి హెచ్3 వైపు చూస్తుంది. తెలుపు రక్షణగా హెచ్3 ఆడి ఉంటే ఆ బంటు మీద బిషప్ బలి ఇచ్చే అవకాశాలు పుట్టేది ఈ ఒక్క ఎత్తుతోనే. ముందు రూక్, తర్వాత బంటు: ఈ వరుసలో సగం ప్రాణం ఈ క్రమంలోనే ఉంది.

తెలుపు ఎలా అడ్డుకుంటుంది? 13. క్వీన్ డి5 లేదా 13. గుర్రం ఈ4 ఆడి సి5 బిషప్‌ను తాకుతుంది. రెండిటికీ జవాబు 13... బిషప్ ఏ7. అక్కడి నుంచి కూడా అది ఈ3, ఎఫ్2 మీదే చూస్తుంది. ఒక జాగ్రత్త. బిషప్ ఏ7కు వెళ్లగానే తెలుపు సి5 తోయడానికి చోటు దొరుకుతుంది. తోస్తే ఈ2 బిషప్ నేరుగా మీ ఏ6 రూక్ మీద పడుతుంది. కంగారు అక్కర్లేదు, రూక్ ఎలాగూ బయల్దేరాల్సిందే, దాన్ని ఆరో వరుసలో పక్కకు జరపండి. ఆ తర్వాత బి6తో సి5 బంటును పగలగొట్టి ఏ7 బిషప్ దారి తిరిగి తెరవండి. రూక్ ఏ-ఫైల్ వదిలాక ఏ5 బంటుకు కాపలా ఉండదు. తెల్ల క్వీన్ అక్కడికి వెళ్లి దాన్ని తింటే తిననివ్వండి. రాజుకు అంత దూరం వెళ్లిన క్వీన్ తిరిగొచ్చేలోపు మీ పని అయిపోవచ్చు.

దాడికి భయపడి తెలుపు ఎఫ్4 తోస్తే ఈ3 బంటు వెనుకబడుతుంది. దాని మీద ఈ8 రూక్, ఏ7 బిషప్ రెండూ ఉన్నాయి. జి3 తోస్తే రాజు చుట్టూ తెల్ల గడులు బలహీనపడతాయి. అన్నిటికన్నా తెలివైన రక్షణ బి2 బిషప్‌ను ఇచ్చి ఈ5 గుర్రాన్ని తీసేయడం. అప్పుడు రూక్‌తో కొట్టండి. దాడిలో పస కొంత తగ్గుతుంది, కానీ రెండు బిషప్‌లు మీ చేతికొస్తాయి. ఆ తర్వాత తొందరపడకుండా బి6, బిషప్ బి7 అని ఆడితే ఆట మీకు సుఖంగానే ఉంటుంది.

నాలుగో మెట్టు: 4. ఈ4

ఒకప్పటి ప్రపంచ ఛాంపియన్ అలెఖిన్ ఆడిన పద్ధతి. తెలుపు బంటును వెంటనే వదిలేసి మధ్యలో స్థలం ఆక్రమిస్తుంది. 4... గుర్రం×ఈ5 5. ఎఫ్4. గుర్రాన్ని జి6కు కాదు, సి6కు తిప్పండి: 5... ఈ-గుర్రం సి6. జి6లో ఉంటే రేపో మాపో ఎఫ్5 తోపు తగులుతుంది. సి6లో ఉంటే డి4, బి4 గడుల మీద కన్ను ఉంటుంది. మరో గుర్రం ఏ6 మీదుగా సి5కు చేరుతుంది.

6. బిషప్ ఈ3 ఆడితే సి5 గడి తెలుపు అదుపులోకి పోయింది, కాబట్టి 6... బిషప్ బి4+ 7. గుర్రం సి3 క్వీన్ ఈ7. ఇప్పుడు సి3లో కొట్టి ఈ4 బంటును తీసుకోవడం మీ బెదిరింపు. 6. గుర్రం ఎఫ్3 ఆడితే 6... బిషప్ సి5, జి1 గడి మీ బిషప్ గీతలో ఉంటుంది కాబట్టి తెల్ల రాజు కాస్లింగ్ చేసుకోలేదు. 6. ఏ3 ఆడితే 6... ఏ5 7. బిషప్ ఈ3 గుర్రం ఏ6, ఆ గుర్రం సి5కు పోతుంది. తెలుపు బంట్లు పెద్దగా కనిపిస్తాయి గానీ వాటి వెనకంతా ఖాళీ. మీరు చేయకూడనిది ఒక్కటే, ఏమీ చేయకుండా కూర్చోవడం. ఐదారు ఎత్తులు వదిలేస్తే తెలుపు పావులన్నీ బయటికొచ్చి ఆ స్థలమంతా నిజంగా వాళ్లదవుతుంది.

మిగతావి

4. ఈ3 ఆడితే 4... గుర్రం×ఈ5. తర్వాత తెలుపు గుర్రాన్ని హెచ్3 మీదుగా ఎఫ్4కు తెచ్చి డి5 మీద కూర్చోవాలని చూస్తే జి6, బిషప్ జి7 పెట్టుకోండి. 4. ఎఫ్4 ఆశపోతు ఎత్తు: 4... బిషప్ సి5 5. గుర్రం హెచ్3 డి6 6. ఈ×డి6 0-0, తెల్ల రాజు చుట్టూ గాలి తప్ప ఏమీ లేదు. 4. క్వీన్ డి4 ఆడితే 4... డి6 5. ఈ×డి6 బిషప్×డి6. ఇక్కడ జి7 బంటుకు ఆశపడి 6. క్వీన్×జి7?? కొడితే 6... బిషప్ ఈ5. క్వీన్ ప్రాణం కాపాడుకోవాలంటే జి5లో క్వీన్‌లు మార్చుకోవాలి, ఆ తర్వాత బిషప్ బి2లో కొడుతుంది, మూలనున్న రూక్ పోతుంది.

మూడో ఎత్తుకు బంటును కొట్టకుండా తప్పుకునేవాళ్లు తక్కువ. 3. డి5 తోస్తే బిషప్ సి5, డి6, కాస్లింగ్, హాయైన ఆట. 3. ఈ3 ఆడితే డి4లో మార్చుకుని, తెలుపు ఈ-బంటుతో కొట్టాక డి5 తోయండి. 3. గుర్రం ఎఫ్3 ఆడితే ఈ4 తోసి గుర్రాన్ని తరమండి.

3... గుర్రం జి4 బదులు 3... గుర్రం ఈ4 అనే ఫయరోవిచ్ పద్ధతి గురించి వినే ఉంటారు. ఉచ్చులు బోలెడు. కానీ 4. ఏ3 అనే ఒక్క చిన్న ఎత్తుతో బి4 చెక్ పోతుంది, సగం ఉచ్చులు చల్లబడతాయి, బంటు మాత్రం తెలుపు దగ్గరే ఉంటుంది. మూడు నిమిషాల ఆటకు సరే, గంటన్నర ఆటకు వద్దు.

సి4 ఆడని ప్రత్యర్థికి

ఇది ఈ ఓపెనింగ్‌కున్న అసలు లోటు. ఇప్పుడు ఏ టోర్నీకి వెళ్లినా 2. బిషప్ ఎఫ్4 అంటూ లండన్ పద్ధతి ఆడేవాళ్లే సగం మంది, బుడాపెస్ట్ వాళ్ల దగ్గరికి రానే రాదు. కాబట్టి జతగా ఇంకొకటి సిద్ధం చేసుకోక తప్పదు. లండన్‌కు 2... సి5 మంచి జవాబు. 2. గుర్రం ఎఫ్3కి కూడా 2... సి5 ఆడొచ్చు. 3. డి5 ఈ6 4. సి4 బి5 వస్తే అది బ్లూమెన్‌ఫెల్డ్ గాంబిట్, పదునులో బుడాపెస్ట్‌కు తీసిపోదు.

సాధన

మొదటి వారం మూడు స్థితుల్ని మాత్రమే బోర్డు మీద పేర్చుకోండి: డి2 గుర్రం వరుసలో పదో ఎత్తు, ఏ3 క్వీన్ వరుసలో పన్నెండో ఎత్తు, ఏ6 రూక్ వరుసలో పన్నెండో ఎత్తు. ఎత్తులు అప్పచెప్పడం కాదు. ప్రతి నల్ల పావు ఎక్కడికి వెళ్లాలో, ఏ బంటు కదలకూడదో పైకి చెప్పగలగాలి. రెండో వారం అవే స్థితుల్ని తెలుపు వైపు నుంచి ఇంజిన్ (చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్) మీద ఆడండి. మీ దాడి ఎక్కడ ఆగిపోతుందో తెలుపు కుర్చీలో కూర్చుంటేనే తెలుస్తుంది. లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, మీ రేటింగ్ స్థాయి వాళ్లు నాలుగో ఎత్తుగా ఏం ఎక్కువ ఆడుతున్నారో చూసి, దాని ప్రకారం సమయం పంచుకోండి. ఇంజిన్ తెలుపుకు కొంచెం ఎక్కువ మార్కులు వేస్తుంది, అది చూసి బెంబేలు పడకండి. ఆ మార్కులు నిలబెట్టుకోవడానికి తెలుపు పదో పదిహేనో సరైన ఎత్తులు వరసగా వెతకాలి, అదీ గడియారం నడుస్తుండగా.

మూడో వారం నుంచి పదేసి నిమిషాల ఆటలు ఆడండి. ఓడిన ప్రతి ఆట పక్కనా ఒక్కటే రాసుకోండి: ఈ5 లెక్క ఏ ఎత్తు దగ్గర తప్పింది?